లంక మామ్మ దగ్గరికి తాతయ్య జీపు

మా చిన్నప్పుడు... ఉంగుటూరు దగ్గర మా ఊళ్ళో, పశువుల పాకలో ఒక పాత జీపు ఉండేది. డ్రైవరు సీట్లో మా కోడిపెట్ట గుడ్లు పెట్టేది. ఒకప్పుడు తాతయ్య దాని మీదే కొల్లేరు చేపల చెరువుల గట్లన్నీ తిరిగారట. నాకు ఊహ తెలిశాక అది కదలగా చూడలేదు.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా తాతయ్యకి పక్షవాతం వచ్చింది. మాట తిరిగొచ్చింది, కర్ర సాయంతో నడక వచ్చింది... కుడిచెయ్యి మాత్రం రాలేదు.

ఆయనకి ఒక్కతే అక్క. కొల్లేరు నీళ్ళ మధ్య దీవిలాంటి లంక ఊళ్ళో ఉండేది. మేం లంక మామ్మ అనేవాళ్ళం. తల్లి పోతే తమ్ముణ్ణి ఆవిడే పెంచింది. తమ్ముడికి జబ్బు చేసిందని తెలిసినా, మోకాళ్ళ నొప్పులతో రాలేకపోయింది. పోనీ ఈయన వెళ్దామంటే, రోడ్డు అయిపోయాక గట్టు మీద ఆటో రాదు, మోటారు సైకిలు మీద ఈయన కూర్చోలేరు. వానలు పడ్డాయంటే ఆ గట్టంతా బురదే. తొలకరిలోపు అక్కని చూడాలని తాతయ్య పట్టు పట్టారు.

"నాన్నగారండీ, ఆ జీపు పాత ఇనుముకి తప్ప ఎందుకూ పనికిరాదండీ" అన్నారు మా నాన్న.

తాతయ్య నన్ను పిలిచి, "అమ్మడూ, ఈ సెలవుల్లో నీ కుడిచెయ్యి నాకు అరువిస్తావా?" అని అడిగారు.

ఆయన నులకమంచం మీద కూర్చుని చెప్పేవారు, నేను జీపు కింద గోనెపట్టా పరుచుకుని చేసేదాన్ని. నట్టు ఊడకపోతే నాకు ఒళ్ళు మండేది. పానా విసిరేసేదాన్ని. "దాన్ని తిట్టకమ్మా. కాస్త కిరసనాయిలు పోసి, అన్నం తిని రా. ఈలోగా అదే వదులుతుంది" అనేవారు. నిజంగానే వదిలేది... లేదా నా కోపమే తగ్గేదేమో మరి.

ఊడదీసినవన్నీ ఊడదీసిన వరసలోనే మా ఇంటి మామ్మ చేటలో పరిచేవాళ్ళం. మా మామ్మకి ఒకటే సణుగుడు. "ఆడపిల్ల చేతులకి గోరింటాకు పండాలి గానీ, ఈ నల్ల గ్రీజేంటండీ" అని తాతయ్యని అనేది. అంటూనే కుంకుడు రసంతో నా గోళ్ళు తోమేది.

కార్బురేటరు కడిగాం, ప్లగ్గులు గీకాం. బ్రేకులకి కావలసినవి తాడేపల్లిగూడెం నుంచి తెప్పించాం. గేరురాడ్డు పక్కన ఉండే పొట్టిరాడ్డు మాత్రం తుప్పు పట్టి బిగుసుకుపోయింది. ఇంజను బలం నాలుగు చక్రాలకీ అందాలంటే అదే వెయ్యాలి. అది రాకపోతే లంక మాట మర్చిపోవడమే అన్నారు తాతయ్య. రోజూ నూనె పోస్తూ, అటూ ఇటూ కదుపుతూనే ఉన్నాను... ఒక ఉదయం టక్కుమని కదిలింది. నాకు ఏడుపొచ్చేసింది. తాతయ్య ఎడమచేత్తో నా తల నిమిరారు.

జీపు స్టార్టయిన రోజు మా నాన్నని చూడాలి... అప్పటిదాకా పాత ఇనుమన్న పెద్దమనిషి, బండి నేనే నడుపుతానని తయారు.

లంకకి వెళ్ళేటప్పుడు పళ్ళూ మిఠాయిలూ కాదండీ, మంచినీళ్ళు పట్టుకెళ్ళాలి. చుట్టూ కొల్లేరే అయినా వేసవిలో ఆ నీళ్ళు నోట పెట్టలేరు. మా ఊరి మంచినీళ్ళ చెరువు నీళ్ళంటే లంక మామ్మకి ప్రాణం. టిన్నుల నిండా పట్టుకుని బయలుదేరాం. అప్పటికే మబ్బు పట్టింది.

గట్టెక్కి కాస్త దూరం వెళ్ళామో లేదో, బోనెట్టులోంచి ఆవిరి. ఇంజను ఆగిపోయింది.

"రేడియేటర్లో ఏం నీళ్ళు పోశావురా?" అన్నారు తాతయ్య.

"పొలం బోదె కాలవ నీళ్ళేనండీ... మన ఆయిల్ ఇంజనుకి ఎప్పుడూ అవే కదండీ" అన్నారు నాన్న.

పొలానికి నీళ్ళు తోడే ఇంజను బోదె నీళ్ళని ఇటు తాగి అటు వదిలేస్తుంది. బురదైనా దానికి లెక్కలేదు. రేడియేటర్లో నీళ్ళు అక్కడే తిరుగుతాయి. పైగా వేసవి చివర బోదెలో నీళ్ళకన్నా నాచే ఎక్కువ. మా వైపు రైతు తప్ప ఈ పని ఇంకెవరూ చెయ్యరు.

తుంపర మొదలైంది. "వెనక్కి పోదామండీ, ఇంకోసారి వద్దాం" అన్నారు నాన్న. తాతయ్య లంకవైపే చూస్తూ కూర్చున్నారు. ఆ ఇంకోసారి అనేది ఉంటుందో లేదో అనిపించింది నాకు.

"ఇంజను చల్లారనివ్వండి. మన టిన్నుల్లో నీళ్ళు పోద్దాం" అన్నాను.

"అవి అక్కవమ్మా" అన్నారు తాతయ్య.

"మామ్మకి నీళ్ళు కావాలా, మీరు కావాలా తాతయ్యా?"

ఆయన నవ్వేశారు. చల్లారాక నేనే కింద దూరి రేడియేటర్ అడుగు కుళాయి విప్పి, తీగతో పొడిచాను. పచ్చటి బురద నా మొహం మీదే పడింది. తేటనీళ్ళు వచ్చేదాకా లంక మామ్మ కోసం తెచ్చిన నీళ్ళు పోస్తూనే ఉన్నాం. మిగిలినవి రేడియేటర్ నింపడానికి సరిపోయాయి.

ముందుకెళ్తే గట్టంతా జారుడు. "అమ్మడూ, పొట్టిరాడ్డు" అన్నారు తాతయ్య. నాన్న క్లచ్చి తొక్కారు, నేను వెనక నుంచి వంగి రాడ్డు లాగాను. ముందు చక్రాలు బురదని పట్టుకున్నాయి. జీపు దున్నపోతులా నింపాదిగా నడిచింది.

లంక మామ్మ ఏడవలేదు. తమ్ముడి కుడిచెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, "అన్నం తినే చెయ్యే పోయిందేంట్రా" అంది. కొర్రమీను పులుసుతో అన్నం కలిపి, తనే ముద్దలు పెట్టింది. ఊరంతా భయపడే మా తాతయ్య, చిన్నపిల్లాడిలా నోరు తెరిచి తిన్నారు.

"నీకు తెచ్చిన నీళ్ళు బండికి పోసేశామక్కా" అన్నారు మధ్యలో.

"పోనీలేరా. ఇంత దూరం నిన్ను మోసుకొచ్చింది, దానికే దాహం ఎక్కువ" అంది.

తాతయ్య ఆ తరవాత చాలా ఏళ్ళు ఉన్నారు. లంక మామ్మే... ఆ వానాకాలం దాటలేదు.

ఇప్పుడు లంకదాకా తారురోడ్డు పడింది. ఏలూరు నుంచి కారులో ఇట్టే వెళ్ళిపోవచ్చు. బండి ఆగితే బోనెట్టు కూడా ఎత్తం, ఫోన్ చేస్తాం. దారంతా సుఖమే... వెళ్తే ముద్ద కలిపి పెట్టే మనిషే అక్కడ లేదు. మీ ఇంట్లోనూ ఎవరినో ఒకసారి చూసి రావాలని బాగుచేసుకున్న బండి ఉండే ఉంటుంది... ఎవరి కోసమో చెప్పరూ?