వదిన దించని చెయ్యి

నమ్మితే నమ్మండి, లేకపోతే నవ్వుకోండి. బైబిలు మీద చెయ్యేసి చెప్పమన్నా ఇదే మాట చెబుతాను. నేను బాపట్లలో ఇంటర్ పిల్లలకి జువాలజీ చెబుతాను. నరాలు, మెదడు... అన్నీ బోర్డు మీద బొమ్మలు గీసి మరీ చెప్పేదాన్ని. దయ్యాలంటే క్లాసంతా పడీపడీ నవ్వేలా చేసేదాన్ని. అలాంటి నాకు ఆ రాత్రి తెనాలి ఆసుపత్రిలో జరిగింది ఇది. ఎవరో చెబితే విన్నది కాదు. నా ఒళ్ళోనే జరిగింది.

మా ఊరు కొలకలూరు. మాది లూథరన్ కుటుంబం. అమ్మ, అన్నయ్య, కరుణ వదిన అక్కడే ఉంటారు. వదినకి తల్లి లేదు, అందుకని కాన్పయ్యాక కూడా మా ఇంట్లోనే ఉంది. ఆడపిల్ల పుట్టింది. నెల దాటాక కృతజ్ఞత కూడిక పెట్టుకున్నాం. నేను బాపట్ల నుంచి బయల్దేరి వచ్చాను.

వచ్చేసరికి వదిన వదినలా లేదు. పిలిస్తే పలకదు. పక్కలో పాప గుక్కపెట్టి ఏడుస్తున్నా తల తిప్పదు. ఎటో చూస్తోంది... రెప్ప కూడా ఎప్పుడో ఒకసారి వేస్తోంది.

"వారం నుంచి ఇంతేనే సుగుణా. ముద్ద మింగట్లేదు. బాలింత నీరసం, అదే పోద్దిలే" అంది అమ్మ.

నీరసమా! మా వదినంటే పెరట్లో కోడిపెట్టతో కూడా కబుర్లు చెప్పే మనిషి.

సాయంత్రం కూడిక మొదలైంది. వదినని చెరో పక్కా పట్టుకుని తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టాం. పాస్టరయ్యగారు ప్రార్థన చేసి, "దేవునికి కృతజ్ఞత చెప్పేవాళ్ళు కుడిచెయ్యి ఎత్తండి" అన్నారు. అందరం ఎత్తాం. వదిన కూడా ఎత్తింది! వారం రోజుల్లో మొదటిసారి తనంతట తను కదిలింది. అమ్మ ఏడ్చేసింది. ఆమెన్ అనుకుని అందరం చేతులు దించేశాం. వదిన మాత్రం దించలేదు.

మా గుడిలో చేతులెత్తి ఊగిపోవడాలు పెద్దగా ఉండవు. అందుకే జనానికి అది మరీ గొప్పగా తోచింది. "పరిశుద్ధాత్మ దిగిందే పిల్ల మీద!" అంది రూతమ్మ పెద్దమ్మ. ఇక చూడండి... పాట ఎత్తుకున్నారు. ఒకటి అవగానే ఇంకొకటి. అయ్యగారు వేరే ఊరి కూడికకి వెళ్ళిపోయారు. పులిహోర ఎవరూ ముట్టుకోలేదు. చీకటి పడింది. ఆ చెయ్యి అలాగే ఉంది.

నాకెందుకో ఇది స్తుతి కాదనిపించింది. దగ్గరికెళ్ళి మణికట్టు పట్టుకున్నాను. చల్లగా ఉంది. మెల్లగా కిందికి లాగాను... వచ్చింది. నడుం దాకా తెచ్చి వదిలేశాను. అక్కడే ఆగిపోయింది. గాలిలో! మైనంతో చేసినట్టు... ఎక్కడ పెడితే అక్కడ. నేను చూస్తుండగానే మళ్ళీ లేవడం మొదలుపెట్టింది. మెల్లగా... చాలా మెల్లగా... అవతల ఎవరో పట్టుకుని లేపుతున్నట్టు. అమ్మో!

గ్లాసుతో నీళ్ళు పట్టాను. పెదవి పక్క నుంచి కారిపోయాయి. నాలుక చెక్కలా ఎండిపోయి ఉంది. అప్పుడు అర్థమైంది నాకు, మనిషి మా కళ్ళముందే చచ్చిపోతోందని. "అన్నయ్యా, ఆటో పిలువు" అని అరిచాను.

"దేవుడి పనికి అడ్డం రాకే అమ్మాయ్. ఉపవాస ప్రార్థన పెడదాం" అంది పెద్దమ్మ.

"దేవుడి పని దేవుడు చూసుకుంటాడులే పెద్దమ్మా. వదినకి గుక్కెడు నీళ్ళు దిగకపోతే రేపు మనం పెట్టేది భూస్థాపన కూడిక!"

ఆ మాటకి అన్నయ్య లేచి ఆటో కోసం పరిగెత్తాడు. పాపని నేనే ఎత్తుకున్నాను, తల్లి దగ్గర్నుంచి తీసి ఉంచబుద్ధి కాలేదు. ఆటోలో దారంతా వదిన వేళ్ళు పైన రేకుకి తగిలి టక్... టక్... మంటూనే ఉన్నాయి. అన్నయ్య ఆ చప్పుడు వినలేక చెవులు మూసుకున్నాడు. తెనాలి ఆసుపత్రి గుమ్మంలో బోర్డు చదివి ఆగిపోయాడు.

"పిచ్చి డాక్టరు దగ్గరికా?"

"ఆఁ, పిచ్చి డాక్టరు దగ్గరికే. నడువు."

డాక్టరమ్మ తొందరపడలేదు. వదిన ఎడమచెయ్యి ఎత్తి వదిలారు. అదీ గాలిలోనే నిలిచిపోయింది. "దీన్ని కెటటోనియా అంటామండి. కొన్ని మానసిక జబ్బుల్లో మనిషి ఇలా బిగుసుకుపోతారు. కాన్పు తర్వాత కూడా కొందరికి వస్తుంది. ఒక ఇంజెక్షన్ ఇచ్చి చూద్దాం. పనిచేస్తే కాసేపట్లోనే తెలుస్తుంది" అన్నారు.

కాసేపట్లోనా! వారం నుంచి కదలని మనిషి! నేను నమ్మలేదు. నర్సు సూది వేసి పక్కకి తప్పుకుంది. పాప నా ఒళ్ళో నిద్రపోతోంది. నా అరచెయ్యి దాని పక్కటెముకల మీద ఉంది. ఫ్యాను కిర్... కిర్... మంటోంది.

ముందు వదిన చిటికెనవేలు వణికింది.

తర్వాత చెయ్యి కిందికి రావడం మొదలైంది. ఎవరూ ముట్టుకోలేదు. చెవి దాకా వచ్చింది... భుజం దాకా... నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. యేసయ్యా, సీసాలోంచి తీసిన ఆ కాస్త మందు మనిషిని వెనక్కి పిలుస్తోంది! ఇన్నేళ్ళు పాఠం చెప్పాను గానీ ఇంతటి వింత ఆ పాఠంలో ఉందని ఎన్నడూ అనుకోలేదు.

అప్పుడు... నా అరచెయ్యి కింద ఏదో తేడాగా అనిపించింది. పాప పక్కటెముకలు కదలడం లేదు.

కిందికి చూశాను. నోరు కాస్త తెరిచి ఉంది. పొట్ట ఎగరడం లేదు. అరచెయ్యి ఇంకాస్త ఆనించి చూశాను, కదలిక లేదు. వదిన చెయ్యి ఇంకా దిగుతోంది... దిగుతోంది... అరచెయ్యి దుప్పటికి తాకింది.

"పాప!" అంది వదిన. బొంగురు గొంతుతో, గదంతా అదిరేలా.

పాప ఒక్క ఎగశ్వాస తీసి కెవ్వుమంది.

వదిన నీళ్ళు అడిగింది. తాగింది. పాపని గుండెకి హత్తుకుని ఎక్కిళ్ళు పెట్టి ఏడ్చింది. అన్నయ్య గోడకి ఆనుకుని అలా జారి కూలబడిపోయాడు. నేను డాక్టరమ్మని బయటికి పిలిచి పాప సంగతి చెప్పాను. "చంటిపిల్లలు నిద్రలో క్షణకాలం ఊపిరి ఆపి తీయడం మామూలేనమ్మా. అయినా పిల్లల డాక్టరుకి చూపించండి" అన్నారు. తర్వాత చూపించాం. ఏ లోపమూ లేదన్నారు.

"మరి వదినకి ఏం జరిగిందండి?" అని డాక్టరమ్మనే అడిగాను.

"గద్ద నీడ పడితే కోడిపిల్ల బిగుసుకుపోతుంది చూశారా? ఇదీ అలాంటిదేనని కొందరం అనుకుంటాం. మెదడులో కదలికని నడిపే దారులు బిగిసిపోతాయి. వాటిని సర్దే గాబా అనే రసాయనానికి ఈ మందు బలం ఇస్తుంది. అంతవరకు తెలుసు. మిగతాది ఇంకా వెతుకుతున్నాం."

తెల్లారకముందే మందు పట్టు సడలిపోయింది. మాట మధ్యలో వదిన ఆగిపోయింది... చెయ్యి మళ్ళీ లేచింది. ఆ రాత్రి పాప గుండె మీద నుంచి నేను చెయ్యి తీస్తే ఒట్టు. మళ్ళీ సూదులు, మాత్రలు. ఆ తర్వాత మత్తిచ్చి కరెంటు చికిత్స కూడా చేశారు. నేను భయపడినట్టు ఏమీ లేదు. నిద్రపోయేది, లేచేది, లేచిన ప్రతిసారీ మా వదిన ఇంకొంచెం మాకు దక్కేది.

పాప నడవడం నేర్చాక ఒకరోజు ముగ్గురం తెనాలి నుంచి రేపల్లె బండిలో వెళ్తున్నాం. పాప కిటికీ ఊచలు పట్టుకుని కేరింతలు కొడుతోంది. ఉన్నట్టుండి వదిన అంది. "ఆరోజు మీరు పాడింది, నువ్వు పెద్దమ్మని కసిరింది... అన్నీ విన్నాను సుగుణా."

"మరి పలకలేదేం వదినా?"

"పలకనిస్తేగా. చెవిలో ఒక ఆడమనిషి గొంతు. చెయ్యి దించావంటే నీ పిల్ల ఊపిరి ఆగిపోద్దంది. ఎత్తే ఉంచు, ఎత్తే ఉంచు అంటానే ఉంది. భుజం తెగిపోతున్నట్టుండేది. అయినా ఎట్టా దించుతాను?"

మేమంతా స్తుతి అనుకుని పాటలు పాడాం. ఆమె ఆ చేత్తో బిడ్డ ప్రాణం మోస్తోంది.

"సూది వేశాక చెయ్యి నా మాట వినలేదు. నా పిల్ల పోయిందనుకున్నా. అంతలో అది ఏడ్చింది. అప్పుడు తెలిసింది, ఆ గొంతు చెప్పింది అబద్ధమని." వదిన నా మొహంలోకి చూసింది. "అబద్ధమేగా సుగుణా?"

అది జబ్బే. ఎవరేమన్నా అది జబ్బేనని నేను ఒప్పుకుంటాను. కానీ ఆ చిన్న పక్కటెముకలు ఆగిపోయింది నా అరచెయ్యి కిందే. వదిన ఇంకా మాత్రలు వేసుకుంటోంది. నేను ఒక్క మాట జారితే ఆ గొంతుకి మళ్ళీ ప్రాణం పోసినట్టవుతుంది.

"అబద్ధమే వదినా. నీ చెయ్యి దిగినంతసేపూ పాప నా ఒళ్ళో హాయిగా ఊపిరి తీసుకుంటూ నిద్రపోతూనే ఉంది" అన్నాను.

వదిన నవ్వి పాపని ఒళ్ళోకి లాక్కుంది. ఆ రోజు అబద్ధం చెప్పింది ఆ గొంతో, నేనో... ఈ క్షణానికీ నాకు తెలియదు.