అటక మీద బాణాలు

నా చిన్నప్పుడు, వానలు మొదలైతే చాలు, మా అమ్మమ్మ తడి తగలకూడని వస్తువులన్నీ పెరటి వంటపాకలోకి చేర్చేది. అక్కడ కట్టెల పొయ్యి పైన వెదురు తడికతో వేసిన అటక ఉండేది. కురిడీ కొబ్బరికాయలు, అగ్గిపెట్టెలు, విత్తనాల మూట అన్నీ దాని మీదే. కింద పొయ్యి రాజుకుంటే పైన బూజు పట్టదు. రామచంద్రపురంలో మా వీధిలో అందరూ అలాగే చేసేవారు.

ఆ ఏడు నా బాణాలు కూడా అటకెక్కాయి. వేసవి సెలవుల్లో మా బడి మైదానంలో ఒక మాస్టారు విలువిద్య నేర్పించారు. వెదురు విల్లు, వెదురు బాణాలు. నేను సాయంత్రం తడిసి వస్తే అమ్మమ్మ ముందు నా తల తుడిచి, తర్వాత అదే చీరకొంగుతో ఒక్కో బాణాన్నీ తుడిచి, పసిపిల్లల్ని పడుకోబెట్టినట్టు వరసగా తడిక మీద పెట్టేది.

తొలకరి తర్వాత నా గురి పోయింది. ఎండల్లో గురిపలక నడిమి పసుపు వలయం వదలని బాణాలు ఇప్పుడు ఒకటి ఎడమకీ, ఇంకొకటి కుడికీ పోయేవి. నా చెయ్యి నిలవడం లేదన్నారు మాస్టారు. ఆదివారం ఇంకోసారి చూస్తాననీ, అప్పటికీ ఇలాగే ఉంటే కాకినాడ పోటీలకి వేరే అమ్మాయిని పంపుతాననీ చెప్పారు. అప్పటినుంచి అన్నం కలుపుతున్నా, రాసుకుంటున్నా, వేళ్లు వణుకుతున్నాయేమో అని చూసుకోవడమే నా పని. చూసుకున్నకొద్దీ నిజంగానే వణికేవి.

మా తాతయ్యకి మెయిన్ రోడ్డులో సైకిల్ కొట్టు ఉండేది. సంగతి తెలిశాక ఆయన నా చెయ్యి చూడలేదు, బాణాలు తెమ్మన్నారు. అన్నీ తిన్నగానే ఉన్నాయని, ఒక కన్ను మూసి చూశానని చెప్పాను.

"ఒక పక్కనుంచి చూస్తే ఏ చక్రమైనా తిన్నగానే ఉంటుందమ్మా. తిప్పితేనే తెలుస్తుంది," అన్నారు.

ఆ మధ్యాహ్నం పెరటి అరుగు మీద కూర్చుని ఒక పరికరం తయారుచేశారు. పాత బల్లచెక్క మీద అటొకటీ ఇటొకటీ చిన్న చెక్కముక్కలు నిలబెట్టి, పైన గాళ్లు కోసి, బాణం జారేలా వాటికి సబ్బు రాశారు. మధ్యలో ఒక సైకిల్ స్పోకు ముక్కని నిలబెట్టారు. దాని నట్టు తిప్పితే మొన పైకి లేస్తుంది, కిందికి దిగుతుంది. గాళ్లలో బాణం పెట్టి, మొన దాన్ని తాకీ తాకనట్టు సరిచేసి, బాణాన్ని వేళ్లతో మెల్లగా దొర్లించమన్నారు.

దొర్లించాను. టిక్. కాసేపు నిశ్శబ్దం. మళ్లీ టిక్. ఇంకో బాణం పెట్టాను, అదీ అంతే. నాకు ప్రాణం లేచొచ్చింది. బాణాలే వంకరపోయాయి, తప్పు నా చేతిది కాదు.

తాతయ్య మాత్రం సంబరపడలేదు. బాణాన్ని వెలుగుకి పట్టుకుని చూశారు. పొడవునా ఒక పక్క పొగచూరి గోధుమరంగు తిరిగింది. ఆ పక్క కిందికి వచ్చినప్పుడల్లా స్పోకు మొనకీ బాణానికీ మధ్య సందు, పైకి వెళ్లినప్పుడల్లా టిక్కు. ఆయన తలెత్తి వంటపాక వైపు చూశారు. అటక కింద అమ్మమ్మ బియ్యం చెరుగుతోంది. నాకూ అప్పుడు అర్థమైంది. ఏదో అనబోయాను. ఆయన నా మోకాలి మీద చెయ్యి వేశారు, అంతే.

"ఏమే, ఈ బాణాలు ఇకనుంచి నా కొట్లో ఉంచుతాను," అన్నారు గట్టిగా.

"ఉంచండి, వాటికీ పంక్చర్లు వేద్దురుగాని," అంది అమ్మమ్మ చేట దించకుండానే.

ఆ సాయంత్రం ఆవిడ పొయ్యి వదిలాక, మిగిలిన నిప్పుల మీదే తాతయ్య బాణాలు సరిచేశారు. వంపు ఉన్నచోట వేడి చూపిస్తూ, తిప్పుతూ, బొటనవేళ్లతో నొక్కి, చల్లారేదాకా పట్టుకునేవారు. వంచిందీ ఈ నిప్పేగా అన్నాను.

"వేడి మంచిదేనమ్మా. తిప్పకుండా దాని మీదే ఉంచేస్తే ఏ వెదురైనా వంగుతుంది. మీ అమ్మమ్మతో అనకు. తడవకూడదనే కదా పెట్టింది."

ఒక్కటి మాత్రం లొంగలేదు. అమ్మమ్మ దాన్ని కాకరపాదుకి ఊతంగా గుచ్చుకుంది. ఆదివారం మిగిలినవన్నీ ఒకేచోట గుచ్చుకున్నాయి. కాకినాడ వెళ్లాను. గెలవలేదు గానీ, చెయ్యి వణకలేదు. బాణాలు వంగింది తన అటక మీదేనని అమ్మమ్మకి చివరిదాకా తెలియదు.

తాతయ్య చేసిన ఆ చెక్క ఇప్పుడు నా దగ్గరే ఉంది. మా పాపకి అయిదేళ్లు. బడిలో నోరు విప్పడం లేదని, ఎవరితోనూ ఆడటం లేదని టీచర్ నిన్న చెప్పారు. దానికి ఏం లోపమో అని ఒకటే ఆలోచన. తర్వాత గుర్తొచ్చింది. దానికి అన్నం ఇంకా నేనే తినిపిస్తాను. చినుకు పడితే వాకిట్లోకి పోనివ్వను. ఎవరైనా పేరడిగితే అది నోరు తెరిచేలోపు నేనే చెప్పేస్తాను.

అది గుర్తొచ్చి నన్ను నేను తిట్టుకోబోయాను. అప్పుడు నా మోకాలి మీద తాతయ్య చెయ్యి తగిలినట్టయింది. ఆయన అమ్మమ్మని ఒక్క మాట అనలేదు. బాణాల్ని అటక మీంచి దింపారు, అంతే. రేపు బడి గేటు దగ్గర ఎవరైనా పాపని పేరడిగితే, అది చెప్పేదాకా నేను ఊరుకుంటాను.