ప్లాస్టరు పడని చర్మంతో గద్వాల నుంచి నాగర్‌కర్నూలు దాకా

2009 మే 13, బుధవారం. నిన్నటి ప్రయాణం నా మోకాళ్లలోంచి ఇంకా దిగలేదు. అయినా మరిచిపోకముందే రాస్తున్నాను, ఇదే బాధతో ఈ దారిన వెళ్లవలసినవారు ఒక్కరున్నా పనికొస్తుందని. నా మనవరాలు స్రవంతికి పదహారేళ్లు. చక్కెర వ్యాధి ఏడేళ్లుగా ఉంది. రోజుకు నాలుగు సూదులకు బదులు ఏడాదిగా నడుముకు ఇన్సులిన్ పంపు పెట్టుకుంటోంది. దాని సన్నని గొట్టం పొట్ట మీద ఒక గుండ్రటి ప్లాస్టరు కింద చర్మంలోకి దిగుతుంది. మూడు రోజులకొకసారి చోటు మార్చాలి. మార్చి నెల నుంచి ప్లాస్టరు తీసిన ప్రతిచోటా ఎర్రటి చక్రం, నీటి పొక్కులు, దురద. జూన్‌లో కాలేజీ హాస్టలుకు వెళ్లాలి. పంపు ఉంటేనే హాస్టలని వాళ్ల నాన్న షరతు. శుభ్రత చాలలేదనుకుని నేను రెండుసార్లు సబ్బుతో కడిగించి, స్పిరిటుతో రుద్దించాను. ఇంకా ఎక్కువైంది.

గద్వాలలో ఉదయం 6:40 బస్సు ఎక్కాం. ఎర్రవల్లి చౌరస్తా, బీచుపల్లి వంతెన, పెబ్బేరు మీదుగా వనపర్తికి రెండు గంటలు. ఇద్దరికీ యాభై ఆరు రూపాయలు. ఎండాకాలం ఎడమవైపు సీట్లలో కూర్చోండి, పొద్దుటి ఎండ కుడివైపు కొడుతుంది. టికెట్లు కొడుతూ కండక్టరు పంపు వైపు చూశాడు.

"గదేం సెల్లు బిడ్డా, తీగ చెవులకు పోకుండ కడుపులకు పోతున్నది?"

"పాటలు నాకు కాదన్నా, నా కడుపుకు," అంది స్రవంతి. ఆయన నవ్వాడు. అది మాత్రం నవ్వుతూనే చున్నీ కిందుగా పొట్ట గోక్కుంది. గోకవద్దని నేను చేతి మీద ఒకటి వేశాను.

వనపర్తిలో చర్మవ్యాధుల డాక్టరమ్మ దగ్గర మా చీటీ నంబరు ఇరవై మూడు. ఫ్యాను తిరుగుతున్నా గాలి లేదు. పదకొండున్నరకు పిలుపు వచ్చింది. ఆమె పొక్కులు చూసి, అంచు వేలితో కొలిచినట్టు తడిమి, ఎవరూ అడగని మాట అడిగింది.

"స్టిక్కరు బొట్టు పెట్టుకుంటవా బిడ్డా?"

స్రవంతి నా వైపు చూసింది. "అవ్వ పెడ్తది మేడం. బస్టాండు దాటినంక తీసేస్త. దురద పెడ్తది."

"ఎప్పటిసంది?"

"ఎనిమిదో తరగతి నుంచి. అవ్వకు చెప్పిన."

చెప్పింది నిజమే. అది ఫ్యాషనని నేను అనుకున్నాను. బోడి నుదురుతో బడికి పోతావా అని కసిరి, రోజూ నా చేత్తో అతికించి పంపాను. నాకేమో స్టిక్కరు నచ్చదు, కుంకుమే పెట్టుకుంటాను.

రెండింటి జిగురూ ఒకటే కాకపోవచ్చు గానీ ఈ పిల్లకు కొన్ని జిగుర్లు పడవని డాక్టరమ్మ చెప్పింది. రుద్దడం వల్ల చర్మం మరింత పచ్చిబడిందట. లేపనం రాసిచ్చింది. ఏ జిగురు పడదో తేల్చే పరీక్ష హైదరాబాదులో చేస్తారంది. ఈలోగా నాగర్‌కర్నూలులో ఇదే ఇబ్బందిని దాటిన ఖాదర్ అని ఒకాయన ఉన్నారని చెప్పి, మేం వస్తున్నామని ఆయనకు ఫోన్ చేసింది.

పన్నెండున్నర బస్సు గోపాల్‌పేట, బిజినేపల్లి మీదుగా వెళ్తుంది. గంటన్నర ప్రయాణం. గోపాల్‌పేట దాకా నిలబడే వెళ్లాం. సీటు దొరకగానే పిల్ల నా భుజం మీద నిద్రపోయింది.

ఖాదర్ గారిది బట్టల దుకాణం, వెనకే ఇల్లు. "జర కూసోండ్రి అమ్మా, ముందుగాల నీళ్లు తాగుండ్రి," అన్నారు. ఆయన నడుముకూ పంపు ఉంది.

"మా ఆయన ఆర్నెల్లు గోక్కున్నడమ్మా," అంది ఆయన భార్య. "నేనేమో నల్లులనుకోని మంచం తీసి ఎండల ఏసిన."

"నల్లులు చచ్చినయి, నా దురద చావలే," అన్నారాయన.

పల్చటి పారదర్శకమైన పొరను బట్టలు కత్తిరించే కత్తెరతోనే కోసి, నడుమ సూది దిగేంత రంధ్రం చేసి చూపించారు. ముందు ఆ పొర చర్మానికి అతికించి, దాని మీద పంపు ప్లాస్టరు పెట్టాలి. "నాకు పడ్డదని నీకు పడాలని లేదు బిడ్డా. చేతి మీద చిన్న ముక్క పెట్టి రెండు దినాలు సూడు." మధ్యాహ్నం 3:10కి స్రవంతి ఎడమచేతికి ముక్క అతికించారు.

తిరుగు బస్సులో అడిగింది: "అవ్వా, ఇది గూడ పడకపోతే?"

మొన్నటిదాకా నా జవాబు ఒకటే, పంపు తీసేద్దామని. "ఇంకోటి చూద్దాం," అన్నాను. అది నమ్మినట్టు లేదు.

ఏడేళ్ల చక్కెర అంకెలు తేదీలతో సహా నా పుస్తకంలో ఉన్నాయి. నిన్నటివీ ఉన్నాయి: ఉదయం 188, ఇంటికి చేరాక 171. నిన్న రాత్రి వెనక్కి తిప్పి చూశాను. దురద అన్న మాట ఎక్కడా లేదు. అది చెప్పలేదని కాదు, నేను రాసుకోలేదు. నిన్నటి నా అలసట ఒక్క ఎండవల్లే వచ్చిందని చెప్పలేను.

వెళ్లేవారికి ఒక్క సలహా: మచ్చ ఎర్రగా ఉన్నప్పుడే వెళ్లండి, వాడుతున్న ప్లాస్టరు పెట్టెతో సహా.

ఇక జరగవలసినవి:

1. గురువారం 3:10కి చేతి మీది ముక్క తీసి చూడాలి.
2. ఎర్రబడకపోతే పొర వేసి, పంపు ప్లాస్టరు పొట్టకు బదులు తొడ మీద పెట్టాలి. ఎర్రబడితే హైదరాబాదు పరీక్ష. పంపు తీసేయడం అన్న మాట ఇంట్లో ఎవరూ ఎత్తకూడదు.
3. పుస్తకంలో చక్కెర గడి పక్కన ఇంకో గడి గీయాలి. అందులో రాసేది స్రవంతి.
4. అద్దానికి నేను వరసగా అంటించి పెట్టిన స్టిక్కరు బొట్లు ఒక్కొక్కటే గీకి తీసేయాలి. ఆ పని నాది.