సోమవారం మొదటి షిఫ్ట్

మా వసారా గోడకు ఒక నల్లబల్ల ఉంది. బడి నుంచి రిటైరయ్యాక వీధి పిల్లలకు పాఠాలు చెప్పడానికి కొట్టించుకున్నాను. ఈ వేసవి సెలవుల్లో పిల్లలు రాకపోయేసరికి దాని మీదికి జర్మనీ ఎక్కింది. ఏడు నిలువు గళ్ళు గీసి, పైన ఆదివారం నుంచి శనివారం దాకా రాశాను. బంగారం తీశాక గనివాళ్ళు పోసిన సైనైడ్ మట్టి దిబ్బల వైపు నుంచి గాలి మళ్ళినప్పుడల్లా తెల్లటి దుమ్ము వచ్చి ఆ బల్ల మీద పడుతుంది. నాకు దుమ్ము పడదు. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని తుమ్ముతూ, బల్ల తుడుచుకుంటూ, మా ప్రయాణం రాసుకున్నాను.

జర్మనీ ఎందుకని అందరూ అడిగారు. నేను సోషల్ టీచర్ని. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఏటా ఐరోపా పటం గీసి, అందులో రైన్ నది గీసి, ఒడ్డున ఊళ్ళకు చుక్కలు పెట్టాను. నేను గీసిన రైన్ నదులన్నిటిలో నిజంగా నీళ్ళు పారి ఉంటే కోలారు జిల్లాకు ఈపాటికి కరువు తీరిపోయేది. ఆ ఒడ్డున ఒక్కసారి కూర్చుని, ఇంతకాలం పిల్లలకు నేను చెప్పింది నిజమేనని కళ్ళారా చూసుకోవాలని నా కోరిక.

టూరు కంపెనీ వాళ్ళతో పోవడం మాత్రం నాకు ఇష్టం లేదు. పక్క వీధిలో ఉండే రిటైర్డు నర్సు అలాగే పోయి వచ్చింది. జెండా పట్టుకున్నవాడి వెనకాల పరిగెత్తి పరిగెత్తి చాలా దేశాలు చూసింది. ఏ దేశంలో ఏం చూశావమ్మా అని అడిగితే ఫోను తీసి ఫోటోలు వెతుక్కుంటుంది. మనకు జెండా వద్దు, బస్సు వద్దు, ఒక ఊళ్ళో గది తీసుకుని వారమంతా మన కాళ్ళ మీద మనం తిరుగుదామని నేను గట్టిగా చెప్పాను. కొలోన్‌లో మకాం. అక్కడి నుంచి రైల్లో చుట్టుపక్కల ఊళ్ళు. వీసాలు వచ్చాయి, విమానం టిక్కెట్లు తీశాం. మిగిలింది ఏ రోజు ఏం చూడాలన్నదే.

ఆ పని నేను ఒక్కదాన్నే చేసుకుని ఉంటే రెండు రోజుల్లో తేలిపోయేది. కానీ మా ఆయన చేతిలోకి సుద్దముక్క వచ్చింది.

మా ఆయన గని మనిషి. వాళ్ళ తాత చిత్తూరు పక్క పల్లె నుంచి బంగారు గనిలో పనికి వచ్చాడు. తాత, తండ్రి, తర్వాత ఈయన, ముగ్గురూ లోపలికి దిగినవాళ్ళే. ఈయన రాతిని తొలిచే డ్రిల్లింగ్ మిషను పట్టాడు. గని మూసేశాక మాలూరు ఫ్యాక్టరీలో పని దొరికితే రోజూ రైల్లో పోయి వచ్చి, అక్కడే రిటైరయ్యాడు. గని మూసి ఇన్నేళ్ళయినా ఆయనకు రోజంటే మూడు షిఫ్టులే. నేను రాసుకున్న “ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం” చెరిపేసి, అడ్డంగా రెండు గీతలు కొట్టి ఫస్ట్, సెకండ్, నైట్ అని రాశాడు.

“నైట్ షిఫ్ట్‌లో ఏం చూపిస్తావప్పా నాకు?” అన్నాను.

“నైట్ షిఫ్ట్ నిద్ర. అదీ రాయాల్నే, లేకుంటే నువ్వు ఆ టైంలో గూడా ఏదో ఒక మ్యూజియం పెడతావు.”

ఫస్ట్ షిఫ్ట్ అంటే ఆయన లెక్కలో తెల్లారక ముందే. జర్మనీలో ఆ వేళకు కాకి కూడా లేవదని, ఏ గుడి తలుపూ తెరుచుకోదని చెబితే నమ్మలేదు. రైల్లో సీటు పట్టడానికి ఒక తుండుగుడ్డ సర్దమన్నాడు. మాలూరు రైల్లో కిటికీలోంచి తుండు విసిరి సీటు పట్టిన అలవాటు అది. అక్కడి కిటికీలు తెరుచుకోవేమోనని నేనంటే, అయితే తలుపు దగ్గర నిలబడదాం అన్నాడు. ఏడు రోజులు సంగటి లేకుండా ఎట్లా అని ఒక పూట వాదన. రాగిపిండి పొట్లం ఒకటి పెట్టెలోకి చేరింది. ఆదివారం గడిలో పెద్ద అక్షరాలతో “బజారు” అని రాశాడు, మనకు ఆదివారమే కదా సంత. ఆ రోజు అక్కడ అంగళ్ళన్నీ మూసేస్తారని నేను ఫోన్లో చదివి చెబితే ఇద్దరం పడిపడి నవ్వుకున్నాం. ఆదివారం గడిలోకి రైన్ ఒడ్డు వచ్చింది.

బుధవారం బాన్, ఒక సంగీత విద్వాంసుడు పుట్టిన ఇల్లు చూడడం. గురువారం బొమ్మల మ్యూజియం. శుక్రవారం డ్యూసెల్డార్ఫ్, సాయంత్రం ఒక కచేరీ. కచేరీ మధ్యలో లేచి బయటికి రావచ్చునా అని ఆయన సందేహం. రాకూడదన్నాను. అయితే ముందే కడుపు నిండా తినిపోదాం అన్నాడు. శనివారం తిరుగు విమానం. ఇలా బల్ల నిండుతూ ఉంటే నాకు పెళ్ళిపనులు చేసుకుంటున్నంత సంబరంగా ఉండేది.

అసలు కోరిక మాత్రం నేను ఇంకా బయటపెట్టలేదు.

కొలోన్ నుంచి రైల్లో పోయి సాయంత్రానికి తిరిగి రాగలిగినంత దూరంలో బోకుమ్ అని ఒక ఊరుంది. ఒకప్పుడు బొగ్గు గనుల ఊరు. గనులన్నీ మూతపడ్డాయి, ఇప్పుడు అక్కడ గనుల మ్యూజియం ఉంది. దాని కింద చూడవచ్చినవాళ్ళ కోసం గని దారులు ఉంచారు. ఎవరైనా దిగవచ్చు, ఆడవాళ్ళు కూడా. ఒక ఫోటోలో అచ్చం నా వయసు ఆవిడ నెత్తిన గట్టిటోపీ పెట్టుకుని, బండకు చెయ్యి ఆనించి నవ్వుతోంది. ఆ ఫోటోను నేను ఎంతసేపు చూశానో నాకే తెలియదు. నాకు ఆ మనిషి మీద అసూయ పుట్టింది.

మాది గౌనిపల్లి దగ్గర సేద్యం ఇల్లు. భూమి మీద పండేదాన్ని గురించే తప్ప కింద ఏముందో మాకు అక్కరలేదు. పెళ్ళయి ఇక్కడ గని కార్మికులకు వరసగా కట్టిన లైను ఇంటికి వచ్చాక, ఈయన షిఫ్ట్‌కు పోయినప్పుడల్లా నా కాళ్ళ కిందకే పోతున్నాడని అర్థమైంది. లోపల ఎక్కడో బండ పగిలితే పైన మా వంటింట్లో గిన్నెలు గలగలమనేవి. చేతిలో పని వదిలేసి ఆడవాళ్ళమంతా వీధిలోకి వచ్చి గని వైపు చూస్తూ నిలబడేవాళ్ళం. కాసేపటికి ఎవరో ఒకరు ఏమీ కాలేదని చెబితే మళ్ళీ లోపలికి పోయి పొయ్యి చూసుకునేవాళ్ళం. మా లైనులో ఒక కట్టుబాటు ఉండేది. లోపలి సంగతి మగవాడు ఇంట్లో చెప్పడు, ఆడది అడగదు. నేను కొత్త కోడల్ని, తెలియక ఒకసారి అడిగాను.

“లోపల ఎట్లుంటాది?”

“చీకటిగా ఉంటాది” అని అన్నం కలుపుకున్నాడు. మా అత్త నన్ను ఒక చూపు చూసింది. మళ్ళీ అడగలేదు.

ఆడవాళ్ళు గనిలోకి దిగడానికి ఆ రోజుల్లో చట్టం కూడా ఒప్పుకునేది కాదు. ఇప్పుడు దిగుదామన్నా గని నిండా నీళ్ళు చేరాయి. నా మొగుడి యవ్వనమంతా ఆ నీళ్ళ కింద ఉంది, నేను ఒక్క అడుగు కూడా చూడలేదు. కనీసం అలాంటి చోట, ఆయన పక్కన, ఒక్కసారి నిలబడాలి. ఈ ప్రయాణంలో నాకు కావలసింది అదే. మిగతాదంతా దొరక్కపోయినా సర్దుకుంటాను.

ఒకరోజు కాఫీ తాగుతూ చెప్పేశాను. ఆయన గ్లాసు కింద పెట్టాడు.

“సగం వయసు ఆడనే పోయింది. ఇంగ విమానమెక్కి పోయి మళ్ళీ దాంట్లోనే దూరాల్నా? వద్దు లేమ్మే.”

“నువ్వు చూసినావు. నేను చూసినానా?”

సోమవారం, మంగళవారం గళ్ళు ఖాళీగా ఉండిపోయాయి. నేను కూడా రాయలేదు. రెండు పూటలు కూరలో ఉప్పు తక్కువైతే అది మరుపు వల్ల కాదని ఆయనకు తెలుసు. నోరెత్తకుండా తిన్నాడు.

కొన్నాళ్ళకు ఒక పొద్దున పాలు తెచ్చుకుని వచ్చేసరికి, సోమవారం గడిలో, ఫస్ట్ షిఫ్ట్ దగ్గర, ఆయన వంకర అక్షరాలతో “గని” అని ఉంది. కింద రెండు గీతలు కూడా కొట్టాడు. మనిషి మాత్రం పెరట్లో మొక్కలకు నీళ్ళు పోస్తూ, ఏమీ ఎరగనట్టు వీపు చూపిస్తున్నాడు. ఆ రోజు పూర్ణం పెట్టి ఓళిగలు చేశాను. పండగా పబ్బమా అని ఆయన అడగలేదు, నాలుగు తిన్నాడు.

మధ్యాహ్నం టిక్కెట్లు తీద్దామని ఫోను పట్టుకుని కూర్చున్నాను. మంగళవారం నొక్కితే తెరుచుకుంటోంది, బుధవారం తెరుచుకుంటోంది, సోమవారం ఎంత నొక్కినా కదలడం లేదు. కింద చదివితే తెలిసింది, ప్రతి సోమవారం సెలవు.

నాకు ఒళ్ళు మండిపోయింది. నా కోపం సంగతి మా బడిలో అందరికీ తెలుసు, హెడ్మాస్టరు కూడా పక్కకు తప్పుకునేవాడు. ఖాళీగా రెండు రోజులు ఉంటే, సరిగ్గా మూసేసిన రోజే ఈయన చేతికి తగిలిందా? నన్ను ఊరించి, అక్కడిదాకా తీసుకుపోయి, తలుపుకు తాళం చూపించి, ఏం చేస్తాం మన రాత అనడానికి వేసిన ఎత్తు ఇది అనుకున్నాను.

“ఏమప్పా, నేను అంత తెలివితక్కువదాని మాదిరి కనపడతానా నీకు? వద్దనుకుంటే వద్దని గమ్మున ఉండొచ్చు కదా. మూసే దినం చూసి మరీ పెట్టినావే!”

ఆయన మంచం మీద నుంచి లేచి వచ్చాడు. కళ్ళద్దాలు వెతుక్కుని, ఫోను దగ్గరగా పెట్టుకుని చూశాడు. మొహంలో నిజంగానే దిగులు కనపడింది.

“సోమవారం మూస్తారా? సోమవారం ఎవురన్నా గని మూస్తారా? అన్నిటికన్నా మంచి దినం గదమ్మే అది!”

“మంచి దినమేంది?”

“ఆదివారం బ్లాస్టింగ్ ఉండదు. లోపల పొగంతా పొయ్యుంటాది. సోమవారం ఫస్ట్ షిఫ్ట్‌లో దిగితే గాలి శుభ్రంగా ఉంటాది. ఇంగ ఏ దినం దిగినా బండ పేల్చిన మందు వాసన, దుమ్ము. నీకు అసలే దుమ్ము పడదు. దిబ్బ మీది గాలికే అన్ని తుమ్ములు తుమ్ముతావు. లోపల దగ్గు పట్టుకుంటే నేనేం చేసేది? ఎప్పుడు పోయేదని శానా ఆలోచన చేసినాను. సోమవారమే సరి అనుకున్నాను.”

అది మ్యూజియం. అక్కడ ఎవరూ రాళ్ళు పేల్చడం లేదు, ఆదివారమైనా బుధవారమైనా ఒకటే గాలి. ఆ మాట నా నాలుక చివరదాకా వచ్చింది. వచ్చి ఆగిపోయింది. వద్దన్న రోజు నుంచి ఈయన చేసిన ఆలోచన ఇదన్నమాట. నన్ను దించాలా వద్దా అని కాదు, ఏ రోజు దించితే నాకు ఊపిరాడుతుందని. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. కొంగుతో మొహం తుడుచుకుంటే, చూసినావా ఇప్పుడే తుమ్ములు మొదలు అన్నాడు.

కొలోన్‌లోని పెద్ద చర్చిని సోమవారం గడిలో రాసి, గనిని మంగళవారానికి మార్చాం. ఆయనకు మంగళవారం మీద నమ్మకం కుదరలేదు.

“లోపల గాలి ఎట్లుంటాదో అడుగు.”

నేను పేజీ అంతా చదివాను. “లోపల చల్లగా ఉంటాదంట. స్వెటర్ తెచ్చుకోండి అని రాసినారు.”

“స్వెటరా?” అని ఆయన కుర్చీలో కూలబడ్డాడు. “గనిలో స్వెటరా? మాకు బనీను గూడా నిలిచేది లేదు. తీసి పిండితే నీళ్ళు కారేవి. బండ మీద చెయ్యి పెడితే సురుక్కుమనేది. కేజీ దిగి నడిచి పోతా ఉంటే ఎదురుగా పొయ్యిలో నుంచి వచ్చినట్ల వచ్చేది గాలి...”

చెబుతూ చెబుతూ ఆగాడు. ఇంట్లో లోపలి మాట మాట్లాడానని అప్పుడు తెలిసినట్టుంది. ఒకసారి వంటింటి వైపు చూశాడు. మా అత్త పోయి చాలా కాలమైంది. నేను కదలకుండా కూర్చున్నాను, కదిలితే ఆపేస్తాడని భయం.

“కేజీ అంటే?” అని మెల్లగా అడిగాను. తెలియక కాదు, ఈ ఊళ్ళో అది ఎవరికి తెలియదు? మనుషుల్ని లోపలికి దించే ఇనప పంజరం.

ఆయన లేచి నన్ను వసారా మూలకు తీసుకుపోయాడు. గోడకూ బీరువాకూ మధ్య ఇద్దరు ఇరుకుగా పట్టే జాగా. నన్ను ముందు నిలబెట్టి, తను పక్కన నిలబడ్డాడు.

“ఇట్ల నిలబడల్ల. మోకాళ్ళు రోంత వంచు, బిగబట్టద్దు. చెవులు మూసుకుపోతే ఎంగిలి మింగు. దిగేటప్పుడు ఎవురూ మాట్లాడేది లేదు. కండ్లు మూసుకో.”

మూసుకున్నాను. బీరువాలోని నేఫ్తలీన్ ఉండల వాసన, ఆయన చేతికంటిన సుద్ద వాసన. నా చెయ్యి తీసి తన భుజం మీద పెట్టుకున్నాడు.

“చీకటిగా ఉండాదా?” అన్నాడు.

“ఉండాది.”

“అయితే దిగతా ఉండాము. గట్టిగా పట్టుకో.”