మా వీధి మెస్సులో అక్కగారి ముక్కు

ఏలూరులో మా వీధి చివర ఒక చేపల మెస్సు ఉండేది. నాలుగు బల్లలు, ఎనిమిది బెంచీలు, పైన రేకులు. అంతే. కానీ మధ్యాహ్నం పన్నెండున్నరకి పులుసు దాక మీద మూత తీశారంటే ఆ ఘుమఘుమ కాలువ దాటి, స్టేషనుకెళ్ళి, టిక్కెట్టు లేకుండా రైలెక్కి భీమడోలు దాకా పోయేది. నేను ఉద్యోగం చేసే తాడేపల్లిగూడెంలో ఆఫీసు కిటికీ తీస్తే నాకు అక్కడికీ వచ్చేది. మా ఆఫీసువాళ్ళు నమ్మలేదు. రైసుమిల్లుల ఊక పట్టేసిన ముక్కులు వాళ్ళవి, ఏం చేస్తాం.

వండేది అరవై దాటిన ఒకావిడ. నేను ఆవిణ్ణి అక్కగారూ అనేవాణ్ణి, ఆవిడ నన్ను తమ్ముడుగారూ అనేవారు. ఆ వరసన గల్లాపెట్టె దగ్గర కూర్చునే ఆవిడ భర్త నాకు బావగారయ్యారు. కాబట్టి ఆయన్ని నాలుగు మాటలనే హక్కు, తిరిగి నలభై మాటలు పడే యోగం నాకు దక్కాయి.

ఉడికే పులుసులో ఆవిడ గరిటె పెట్టగా చూసిన మానవుడు లేడు. ముక్క చితుకుతుందని, ఏనుగు తొట్టెలాంటి మట్టిదాకని రెండు చేతులా గుడ్డతో పట్టుకుని ఒక్క ఊపు తిప్పి దించేవారు. భూమి తిరగడం ఆ ఊపు చూసే నేర్చుకుందని నా అభిప్రాయం. విస్తట్లోకొచ్చిన ముక్క చెరువులో ఉన్నప్పటికంటే నిండుగా ఉండేది.

అసలు గొప్పతనం మాత్రం చేతిలో కాదు, ముక్కులో ఉంది. కొల్లేరు చుట్టుపక్కలంతా చేపల చెరువులే కదా. చెరువు నీళ్ళు పాడైతే చేపకి మట్టి వాసన పట్టేస్తుంది. ఉప్పేసి తోమినా పోదు, ఎంత చింతపండు పోసినా దాగదు. పొద్దున్నే చేపలాయన మోపెడ్ మీంచి పెట్టె దించగానే అక్కగారు ఒక్కో బొచ్చె చేప మొప్ప ఎత్తి వాసన చూసేవారు.

"ఇది గణపవరం వైపు చెరువుదండీ. నీళ్ళు మార్చి నెలయింది. వద్దు."

"మొన్ననే మార్చారండీ అమ్మగారూ."

"అయితే ఆ మార్చినాయన్నే వండుకోమనండి."

ఇంకొంచెం గట్టిగా పీలిస్తే రైతు ఇంటిపేరు, పొలం సర్వే నంబరు కూడా చెబుతారని నేను వీధంతా ప్రచారం చేశాను. ఆవిడ ఖండించలేదు.

కొన్నేళ్ళ కిందట ఆవిడకి జ్వరమొచ్చింది. వారంలో తగ్గింది కానీ పోతూపోతూ వాసన తీసుకుపోయింది. డాక్టరు కొన్నాళ్ళకి తిరిగొస్తుందన్నారు. రాలేదు. ఒకరోజు నన్ను వంటగదిలోకి పిలిచారు.

"తమ్ముడుగారూ, ఉప్పూ కారం నాలుక చెబుతుంది. వంట ఈ చేతులకే వచ్చు. చేప మంచిదో కాదో మాత్రం తెలియట్లేదు. మట్టి చేప ఒక్క పూట పెట్టినా నా తల కొట్టేసినట్టే. మీరు వాసన చూసిపెట్టాలి."

"బావగారున్నారు కదండీ."

"ముప్పయ్యేళ్ళు నశ్యం పీల్చిన ముక్కండీ ఆయనది. ఎప్పుడో పింఛను పుచ్చుకుంది."

"నాదానికి పింఛనైనా వచ్చింది," అన్నారు బావగారు గుమ్మంలోంచి. "మీ తమ్ముడిది ఇంకా ప్రొబేషను."

చేపలాయనకి తెలిస్తే కొల్లేటి బురదంతా మాకే తెస్తాడని ఒక ఏర్పాటు చేసుకున్నాం. అక్కగారు ఎప్పట్లాగే మొప్ప ఎత్తి చూస్తారు. పక్కనే నేను ఊరికే వంగుతాను. మీసం దువ్వితే మంచి చేప. దగ్గితే వద్దు. ఏడాది పైగా ఒక్క పొరపాటు జరగలేదు. ఇరవయ్యేళ్ళ నౌకరీలో నా సంతకానికి రాని విలువ నా మీసానికి వచ్చింది. గూడెం రైల్లో కూడా కాస్త ఠీవిగా కూర్చునేవాణ్ణి.

ఒక ఆదివారం పొద్దున నాకు జలుబు. ముక్కుకి సిమెంటు పోసినట్టుంది. ఆ మాట చెప్పేస్తే సరిపోయేది. ఆ పూటకి మెస్సులో గోంగూర రొయ్యలతో గడిచిపోయేది. కానీ పదవి అలాంటిది. మొప్ప మీదికి వంగాను, ఏమీ తెలియలేదు, మీసం దువ్వాను.

మధ్యాహ్నం జనం కిటకిట. నేనూ ఒక విస్తరి ముందు కూర్చున్నాను. నా పక్కన రిటైరైన మాస్టారొకరు ఉన్నారు. చేప తలకాయ తినడంలో ఆయనకి జిల్లాలో సాటి లేదు. తిన్నాక మిగిలిన ఎముకలు కడిగి మ్యూజియంలో పెట్టొచ్చు. ఆ రోజు ఆయన విస్తట్లో తలకాయ అలాగే ఉంది. అక్కగారు అది చూసి, తీసి, గుమ్మం దగ్గర పడుకునే పిల్లికి వేశారు. పిల్లి వాసన చూసింది. ఇంకోసారి చూసింది. వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. ఏలూరు మొత్తానికి మొహమాటం లేని ప్రాణి అదొక్కటే.

అక్కగారు నావైపు తిరిగేసరికి నాకు తుమ్మొచ్చింది. ఒకటి కాదు, మూడు.

"జలుబా?"

"కొంచెమండీ."

"ఎప్పట్నించి?"

"నిన్న రాత్రి నించండీ."

ఆవిడ తిట్టినా బాగుండేది. సరాసరి మొదటి బల్ల దగ్గరికెళ్ళి, "ఏవండీ, ఇవాళ చేప మట్టి వాసన వేస్తోంది కదండీ? నిజం చెప్పండి" అన్నారు.

మా వైపు మనుషుల సంగతి తెలిసిందే. పాయసంలో ఉప్పు పడినా, "కొత్త రకంగా ఉందండీ" అని మారు వడ్డించుకుంటారు.

"మట్టి వాసనా? భలేవారే," అన్నారు వాళ్ళు.

రెండో బల్ల మీద ఎదురింటి టైలరుగారు. "నిన్నటికంటే బాగుందక్కా. ఒట్టు."

మూడు, నాలుగు బల్లలూ అదే పాట. చివరికి మాస్టారు. "దివ్యంగా ఉందండీ. ఇవాళ కడుపు బాగాలేక తలకాయ వదిలేశాను గానీ. ఏదీ, ఇంకో గరిటె పులుసు వెయ్యండి." వేస్తే తిన్నారు. ముద్దకో గ్లాసు చొప్పున మంచినీళ్ళు తాగారు.

అక్కగారు నా దగ్గరికొచ్చి బెంచీ చివర కూర్చున్నారు. ఆవిడ ఆ మెస్సులో కూర్చోగా చూడ్డం నాకదే మొదలు.

"చూశారా తమ్ముడుగారూ. రేపు కుళ్ళిన చేప పెట్టినా వీళ్ళు ఇలాగే తింటారు."

"నా జలుబు రెండ్రోజుల్లో తగ్గిపోతుందండీ. ఇంకెప్పుడూ దాచను."

"తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది. మీ మీద కోపం లేదండీ. నా మీద ఇష్టం కొద్దీ వీళ్ళు మింగుతూ ఉంటే, నేను తెలియక వడ్డిస్తూ ఉండాలా? అది నాకొద్దు."

బావగారు నశ్యం డబ్బా మూత పెట్టేశారు. ఆవిడ లేచి దాకలో పులుసంతా దొడ్లో పారబోసి, అందరికీ గడ్డపెరుగూ మాగాయా వడ్డించారు.

మర్నాడు పొయ్యి వెలగలేదు. మూడోనాడు బెంచీలు వెళ్ళిపోయాయి. నాలుగోనాడు రైలుకి వెళ్తూ చూస్తే, మూసిన తలుపుల ముందు మాస్టారు చేతిసంచీతో నిలబడి ఉన్నారు.

"ఏమండీ," అన్నారు నన్ను చూసి, "ఆదివారం నాటి పులుసు నిజంగానే బాగుంది కదండీ."

"చాలా బాగుందండీ," అన్నాను.