ఎంపీ గారి ఓటు

నిన్న ఇక్కడ కెనడాలోని కిచెనర్‌లో ఆఫీసుకు వెళ్తూ కారులో రేడియో పెడితే, చాలా ఏళ్లుగా వినని గొంతు వినిపించింది. కాస్త బొంగురుగా, మనకు బాగా దగ్గరివాడిలా ఆగి ఆగి మాట్లాడే గొంతు. హామిల్టన్‌లో మా పాత ఎంపీ గారిది. ఇక పోటీ చేయనని, జీవితమంతా కష్టపడేవాళ్ల పక్షానే నిలబడ్డానని చెబుతున్నారు. వింటున్నంతసేపూ నాకు వసుంధర గారు గుర్తొస్తూనే ఉన్నారు. ఆవిడ ఉంటే ఈ మాటను ఊరికే పోనిచ్చేవారు కాదు.

వసుంధర గారిది విజయవాడ. హామిల్టన్‌లో మనవాళ్ల కోసం చిన్న వారపత్రిక నడిపేవారు. ఇంటి బేస్‌మెంటే ఆఫీసు. నేను వరంగల్ నుంచి వచ్చి, హామిల్టన్‌లోనే కాలేజీ చదువు పూర్తిచేసి, ఆవిడ దగ్గర పనికి చేరాను. వార్తలు రాయడం నుంచి ప్రకటనల కోసం ఫోన్లు చేయడం దాకా అన్నీ నా పనులే. ఆవిడకు దేనిమీదా ఒక పట్టాన నమ్మకం కుదిరేది కాదు. ఏదైనా సంఘంవాళ్లు కిక్కిరిసిన సభ ఫొటో పంపితే, "వెనక వరుసలు కత్తిరించారేం?" అని అడిగేవారు. మొదట్లో నాకది చాదస్తంగా అనిపించేది.

ఆ ఏడాది ఉగాది సభకు ఎంపీ గారు పట్టు కండువా వేసుకుని వచ్చారు. వేదిక మీద "నమస్కారం" అనగానే హాలంతా చప్పట్లు. వర్క్ పర్మిట్ మీద ఒకే యజమాని దగ్గర పనిచేయాల్సి వచ్చేవాళ్లు వేరే చోటికి మారేందుకు వీలు కల్పించే బిల్లు ఒకటి అప్పట్లో పార్లమెంటులో ఉంది. అది రావాల్సిందేనని చెబుతూ ఆయన గొంతు వణికింది. నా స్నేహితురాళ్లు ఇద్దరు కళ్లు తుడుచుకున్నారు. వసుంధర గారు మాత్రం నా చెవి దగ్గరికి వంగి, "ఏం మాట్లాడాడో రాసుకున్నావుగా. ఓటు పడ్డాక అది కూడా చూడు" అన్నారు.

ఓటింగ్ జరిగింది. ఆయన బిల్లుకు వ్యతిరేకంగా ఓటేశారు. పాత ఓట్లు కూడా తిరగేయమన్నారావిడ. ఎవరు ఎటు ఓటేశారన్నది పార్లమెంటు వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. పనివాళ్ల విషయం వచ్చినప్పుడల్లా ఆయన ప్రసంగం ఒకవైపు, ఓటు ఇంకోవైపు. ఆ తర్వాత విరాళాలు. ఈ దేశంలో నాయకులకు కంపెనీలు డబ్బివ్వకూడదు, మనుషులే ఇవ్వాలి. ఆ పేర్లూ బహిరంగమే. గిడ్డంగులకు పనివాళ్లను సరఫరా చేసే ఒక ఏజెన్సీ యజమాని, ఆయన భార్య, తమ్ముళ్లు వరసగా కనిపించారు. ఇంకాస్త కిందికి వెళ్తే వసుంధర గారి పేరు.

తలెత్తి చూశాను. ఆవిడ ఎదుటి బల్ల దగ్గర తాపీగా ప్రూఫులు దిద్దుకుంటున్నారు. ఆ వారమంతా నేను ఆవిడను అనుమానంగానే చూశాను. ఇదంతా నాచేత తవ్వించి, చివరికి తొక్కిపెట్టడానికేనా అనిపించింది. ఆగలేక ఒక రోజు అడిగేశాను.

"మేడమ్, మీరు కూడా ఆయనకు డబ్బులిచ్చిండ్రా?"

"ఇచ్చాను. మంచివాడనుకున్నా."

"మరి నాకెందుకు చెప్పలే?"

"నీ అంతట నువ్వు చూస్తావో లేదోనని. చూశాక అడుగుతావో లేదోనని." ఆవిడ కళ్లజోడు తీశారు. "ఇన్నాళ్లూ నన్ను అనుమానించావు కదూ? తప్పు లేదు. కానీ అనుమానం వచ్చాక అడిగెయ్యాలి. లోపలే దాచుకుంటే అది పుకారైపోతుంది."

వార్తకు నేను "అమ్ముడుపోయిన ఎంపీ" అని శీర్షిక పెట్టాను. ఆవిడ కొట్టేశారు. "వాళ్లు డబ్బిచ్చారు. ఈయన అలా ఓటేశాడు. ఈ రెంటికీ మధ్య ఏముందో నీకు తెలుసా? నాకూ తెలీదు. పోయి ఆయన్నే అడుగుదాం."

ఎంపీ గారు నవ్వుతూ కూర్చోబెట్టారు. బిల్లు ఉద్దేశం మంచిదే గానీ రాసిన తీరు బాగాలేదన్నారు. విరాళాలిచ్చినవాళ్లు పాత స్నేహితులని, అంతా చట్టప్రకారమేనని చెప్పారు. లేచి వస్తుంటే నా వైపు తిరిగి, ఎంతో ఆప్యాయంగా, "నీ ఫైల్ ఎంతవరకు వచ్చింది?" అని అడిగారు. ఇక్కడ శాశ్వతంగా ఉండిపోవడానికి నేను పెట్టుకున్న పీఆర్ అప్లికేషన్ చాలాకాలంగా కదలడం లేదు. ఆయన ఆఫీసువాళ్లే నా తరఫున దాని గురించి వాకబు చేస్తున్నారు. ఆ సంగతి వసుంధర గారికి నేను ముందే చెప్పి ఉన్నాను.

కారెక్కాక అడిగాను. "అది బెదిరింపా, మేడమ్?"

"తెలీదు. నిజంగానే అడిగాడేమో. నీకు భయమేసిందా?"

"వేసింది."

"అయితే నీ పేరు తీసేద్దాం. నా ఒక్కదాని పేరుతోనే వేస్తా."

ఇల్లు వచ్చాక, "నా పేరు ఉండనీయండి" అన్నాను.

ఆయన ప్రసంగం, ఓటు, విరాళాలు, ఆయన జవాబు, అన్నీ పక్కపక్కనే అచ్చయ్యాయి. ఒక్క నిందా లేదు. అడుగున ఇంకో రెండు వాక్యాలు: సంపాదకురాలు గతంలో ఈ ఎంపీకి విరాళం ఇచ్చారు, ఈ వార్త రాసినామె ఇమిగ్రేషన్ ఫైల్ విషయంలో ఆయన ఆఫీసు సహాయం తీసుకుంటోంది. ఆ తర్వాత పత్రికకు ఆయన పండగ ప్రకటనలు ఆగిపోయాయి. ఆయన్ను చూసి మిగతావాళ్లూ ఆపేశారు. "మనవాళ్లకు పనులు చేసిపెట్టే మనిషిని రచ్చకీడుస్తారా, అమ్మా?" అని సంఘంలో పెద్ద అంకుల్ ఒకరు ఫోన్ చేశారు. కొన్ని నెలలకు నాకు పీఆర్ వచ్చింది. అది ఆయన సహాయం వల్ల వచ్చిందో, ఆయనకు సంబంధం లేకుండానే వచ్చిందో ఇప్పటికీ తెలియదు. థ్యాంక్స్ చెప్పాలో వద్దో తేల్చుకోలేక చివరికి ఒక కార్డు పంపాను.

తర్వాతి ఎన్నికల్లోనూ ఆయనే గెలిచారు. ఎవరికి ఓటేశారని వసుంధర గారిని అడిగాను.

"ఆయనకే" అన్నారు. నేను నోరు తెరిచి చూస్తుంటే, "మిగతా ఇద్దరి మాటలూ విన్నావుగా. కనీసం ఈయన ఎక్కడెక్కడ జారతాడో నాకు తెలుసు" అన్నారు.

పత్రిక ఎంతోకాలం నిలవలేదు. ఆవిడ బర్నబీలో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయారు. పోయిన చలికాలం అక్కడే కన్నుమూశారు. దాని గురించి రాయడానికి ఆ పత్రిక కూడా లేదు.

ఈ మధ్య మా వార్డు కౌన్సిలర్‌గా ఒకావిడ గెలిచింది. ఆమె మాటలు నచ్చి ఎన్నికలప్పుడు నేనూ కాస్త విరాళం ఇచ్చాను. ఇప్పుడు కౌన్సిల్ సమావేశం అయిన ప్రతిసారీ ఆమె ఓటు చూసి, అర్థం కానిచోట ఈమెయిల్‌లో అడుగుతుంటాను. మొన్న ఆమే ఫోన్ చేసింది. కోపంగా కాదు, కొంచెం నొచ్చుకున్నట్టు అడిగింది, మీరు మా మద్దతుదారే కదా, మరి ఇన్ని ప్రశ్నలెందుకని.

"అందుకే" అన్నాను.