పచ్చి కట్టెల పొగ

మనవరాలు హైదరాబాదులో ఇంజనీరింగ్‌లో చేరబోతోందంటే పోయిన వారం భూపాలపల్లిలోని మా అమ్మాయి ఇంటికి వెళ్లాను. సూట్‌కేసులో కారప్పొడీ మామిడి తొక్కూ సకినాలూ సర్దుతూ మా అమ్మాయి వందసార్లు చెప్పిన జాగ్రత్తల్లో బస్సులో సంచి భద్రం అన్నదుంది, వేళకు తినమన్నదుంది గానీ తాగుడు గురించీ గంజాయి గురించీ ఒక్క ముక్క లేదు. నేనే కదిపితే, "ఆడపిల్లకు గవన్ని ఎందుకమ్మా, మన ఇండ్లల్ల ఉన్నయా గసొంటివి?" అని కొట్టిపారేసింది. నలభై ఏళ్ల కింద మా అమ్మ కూడా ఇలాగే అనేది.

జనగామలో మా బాపుకు కిరాణా దుకాణం ఉండేది. వ్యాపారం చేసుకునే మా ఇళ్లల్లో సారా పేరెత్తడమే తప్పు. బజారులో తాగి తూలేవాడు ఎదురైతే అమ్మ మమ్మల్ని కొంగు చాటుకు లాక్కుని పక్క గల్లీలోంచి నడిపించేది. అందుకే తమ్ముడు వరంగల్‌కు కాలేజీ చదువుకు పోయేటప్పుడు, బయట గుడ్డు ముట్టనని వాడితో దేవుడి ముందు ఒట్టు వేయించారే తప్ప, ఇంకేదైనా చెప్పాలన్న ఊహే ఎవరికీ రాలేదు.

నేను మొదటి కాన్పుకు పుట్టింట్లో ఉన్న రోజులవి. శనివారం మధ్యాహ్నం ప్యాసింజరు బండి దిగి వాడు తెచ్చిన బట్టల మూట విప్పగానే పచ్చి ఆకు కాలినట్టు ఒక వాసన వచ్చేది, ఎంత నానబెట్టి ఉతికినా వదిలేది కాదు. అది దేని వాసనో మా ఇంట్లో ఎవరెరుగుదురు! చివరికి అమ్మే తేల్చింది. "హాస్టల్ల పచ్చి కట్టెలు పెట్టి వండుతుండ్రు. పోరని అంగీలన్ని పొగ పట్టినయ్. నువ్వు పోయి జర చెప్పిరా" అని బాపును తరిమింది. దుకాణం మూసి మరీ వెళ్లిన బాపు సాయంత్రం తిరిగొచ్చి, "చెప్పిన. ఇగ ఎండు కట్టెలే పెడ్తరట" అని, అన్నం తినకుండా పడుకున్నాడు. అమ్మ స్థిమితపడింది, నేనూ స్థిమితపడ్డాను.

మూడో ఏడుకల్లా తమ్ముడు తనలో తాను గొణుక్కోవడం, ఎవరో తరుముతున్నారని ఉలిక్కిపడడం మొదలైంది. చదువు ఎక్కువై తల తిరిగిందని చుట్టాలకు చెప్పుకున్నాం, దవాఖానకు తీసుకుపోతే పరువు పోతుందని తాయెత్తులు కట్టించాం. నిద్ర పట్టక వాడు మందుకు మరిగాడు. వాకిట్లో పడిపోయిన నాడు కూడా ఎండదెబ్బ అనే అన్నాం. ఇరవై ఆరేళ్లకే పోయాడు. కామెర్లని చెప్పుకున్నాం.

పదకొండో రోజు ముగిశాక బాపు నాకొక్కదానికే చెప్పాడు. ఆ హాస్టల్లో వంట గ్యాసు పొయ్యి మీదట. వార్డెను ఆ వాసన దేనిదో వివరించి, ఇంటికి తీసుకుపోయి కొడుకుతో మాట్లాడుకొమ్మన్నాడట. "ఎట్ల మాట్లాడాల్నో తెల్వలే బిడ్డా. ఏ మాటతోని మొదలువెట్టాలె?" అని, జీవితమంతా మాటల మీదే బేరాలు నడిపిన మనిషి, తువ్వాల నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. ఆయన మీద అప్పుడొచ్చిన కోపం ఇప్పటికీ నాకు పూర్తిగా పోలేదు, జాలీ పోలేదు.

అందుకే మా అమ్మాయి మొహం చిట్లించినా లెక్కచేయకుండా మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని, కామెర్లతో పోయాడని అది ఇన్నాళ్లూ వింటూ వచ్చిన నా తమ్ముడి సంగతి దాచకుండా చెప్పాను. ఫోను పక్కన పెట్టి విన్నది. తలెత్తకుండానే, "గా వాసన నాకెర్కే అమ్మమ్మా. మా ఇంటర్ హాస్టల్ల పక్క రూముల వస్తుండె. నాక్కూడ ఒకసారి ఇచ్చిండ్రు. అమ్మకు చెప్తె చదువు బంద్ వెట్టిస్తదని చెప్పలే" అన్నది. తొక్కు సీసాకు మూత పెడుతున్న మా అమ్మాయి చేయి ఆగిపోయింది.

తీసుకున్నావా అని అడగాలి. ఇంత చెప్పిన నాకే నోరు పెగలలేదు, తల్లికీ పెగలలేదు.

మా కాలంలో పిల్లలకు పెద్దలంటే భయం ఉండేదని, ఆ భయమే వాళ్లను కాచేదని మన ఈడువాళ్లం గొప్పగా చెప్పుకుంటాం. ఇప్పుడు శనివారం బండి కోసం ఎదురుచూడనక్కర్లేదు, ఫోను చేస్తే పిల్ల మొహమే కనిపిస్తుంది. భయం మాత్రం ఎక్కడికీ పోలేదు. ఆ పిల్లకు మేమంటే భయం, మాకు అది చెప్పబోయే జవాబంటే భయం.